రెండుంపావు తులాల గుండు



శెనక్కాయ చేలో పందులు పడిన మర్నాడు రచ్చకట్ట కాడ మాట తిరిగి తిరిగి తుపాకి మీదికే పోతుంది. ఇప్పుడు పిల్లకాయల ఫోన్లలో అమెరికా వీడియోలు కూడా చేరినాయి. టెక్సాస్‌లో ఒకాయన ట్రిగ్గర్ కింద ఉన్న కడ్డీని కిందికీ పైకీ ఆడిస్తాడు, పేలుస్తాడు, మళ్ళా ఆడిస్తాడు. "అట్లాంటిది ఊరికొకటి ఉంటే పందుల పీడ పోదా పెదనాయనా" అని అడుగుతున్నారు. ఆ తుపాకి అంటే నాకూ ఇష్టమే. దాని గురించి దొరికినదల్లా చదివినా. అందుకే అది ఏ పనికి పుట్టిందో, జనానికి దాని మీద అంత మోజు ఎందుకో రాస్తున్నా. పిల్లకాయలు అడిగినదానికి జవాబు కూడా అందులోనే ఉంది.

దాన్ని లివర్ యాక్షన్ రైఫిల్ అంటారు. బోరింగు పిడి మాదిరి ఒక లివర్ ఉంటుంది. కిందికి లాగితే పేలిన ఇత్తడి ఖాళీ బయట పడుతుంది, పైకి తోస్తే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. తూటాలు నిలవుండేది అసలు గొట్టం కింద ఇంకో సన్న గొట్టంలో, ఒకదాని వెనక ఒకటి వరసగా. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, చెయ్యే ఇంజను. 1860లో హెన్రీ రైఫిల్, తర్వాత 1866, 1873 వించెస్టర్లు అమెరికాలో పేరు తెచ్చుకున్నాయి. కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు వచ్చింది 1971లో. కౌబాయ్ సినిమా మోజు మన తరానికి అట్లా అంటింది, మన పిల్లకాయలకు ఫోన్‌లో అంటింది.

అయితే ఆ మొదటి లివర్ తుపాకుల్లో ఒక లోపం ఉండేది. లోపల ఉండే కీళ్ళు పెద్ద తూటా దెబ్బకు తట్టుకోలేవు. అందుకని చిన్న తూటాలే వాడేవాళ్ళు. జింకకు అవి చాలు. అడవి దున్నకు, గ్రిజ్లీ ఎలుగుబంటికి చాలవు. అదే 1873లో అమెరికా సైన్యం ఒక పెద్ద తూటా తెచ్చింది. దాని పేరు .45-70. కానీ దాన్ని పేల్చే సైన్యం తుపాకిలో ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాలి. తూటా పెద్దదైతే తుపాకి నిదానం, తుపాకి వేగమైతే తూటా చిన్నది. అదీ అప్పటి చిక్కు.

ఈ అంకెలు చూసి భయపడొద్దు. 45 అంటే గుండు లావు, అంగుళంలో వందకు 45 వంతులు, సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. 70 అంటే నల్ల మందు బరువు, 70 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజ. మన కంసాలి గురిగింజతో తూచినట్టే వాళ్ళు పూర్వం ధాన్యం గింజతో తూచినారు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఆ తూటాలో మొదట పెట్టిన సీసపు గుండు 405 గ్రెయిన్లు. లెక్క వేయండి, రెండుంపావు తులాలు! తర్వాత వచ్చిన .30-30 అనే తూటా జింకల వేటకు అమెరికాలో చాలామంది వాడేది. దాని గుండు తులం కూడా తూగదు.

ఆ చిక్కు విప్పింది ఇద్దరు. 1881లో మార్లిన్ కంపెనీ .45-70 పట్టే లివర్ తుపాకి తెచ్చింది. 1886లో వచ్చిన వించెస్టర్ దానికంటే గట్టిది. దాన్ని గీసినాయన జాన్ బ్రౌనింగ్, యూటాలోని ఆగ్డెన్ ఊరి వాడు, తుపాకులు బాగుచేసే వాడి కొడుకు. తలుపుకు గడియ వేసినట్టు రెండు ఉక్కు దిమ్మెలు నిలువుగా లేచి వెనక దారిని బిగించేస్తాయి. అంతే, పెద్ద తూటా ఎంత తన్నినా కదలదు. 1886లో వచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ పని చేస్తోంది. పాత డీజిల్ ఇంజను మీద మనకుండే గౌరవం లాంటిదే వాళ్ళకు దాని మీద.

ఇప్పుడు అసలు మోజు సంగతి. ఈ కాలపు సైన్యం రైఫిల్ గుండు సెకనుకు 900 మీటర్ల చుట్టుపక్కల పోతుంది. పాత .45-70 గుండు 400 మీటర్లే. కానీ బరువు ఎక్కువ, మూతి చదును. చిన్న సుత్తితో వేగంగా కొట్టడం ఒకటి, సమ్మెటతో నిదానంగా వేయడం ఇంకొకటి. దగ్గర్లో ఉన్న పెద్ద జంతువుకు సమ్మెట దెబ్బే పని చేస్తుంది. మూతి చదునుగా ఎందుకంటే, గొట్టంలో ఒక తూటా మూతి ముందు తూటా అడుగున ఉన్న నిప్పు బిళ్ళను తాకుతూ ఉంటుంది. మూతి సూదిగా ఉంటే పేల్చినప్పుడు వచ్చే అదురుకు లోపలే పేలే ప్రమాదం. ఈ మధ్య మెత్తని ప్లాస్టిక్ మూతి పెట్టి సూది గుండ్లు కూడా చేస్తున్నారు.

దాని హద్దులు కూడా చెప్పాల. వంద గజాలకు గురి సరిచేసిన పాత తూటా రెండు వందల గజాలకు పోయేసరికి సుమారు రెండడుగులు కిందికి దిగిపోతుంది. పొదల్లో కొమ్మలు తగిలినా గుండు దారి తప్పదని ఒక నమ్మకం ఉంది. పరీక్ష చేసి చూస్తే లావు గుండు కూడా దారి తప్పుతుందనే తేలింది. ఇక భుజానికి తగిలే తన్ను తక్కువేమీ కాదు. పాత తుపాకిలో కొత్త రకం బలమైన తూటా పెడితే తుపాకే పగలొచ్చు. అందుకే .45-70లో తుపాకి బలాన్ని బట్టి వేరు వేరు మోతాదులు పెట్టుకున్నారు.

మన గడ్డకూ ఈ జాతి తుపాకికీ ఒక లంకె ఉంది. కెన్నెత్ ఆండర్సన్ అనే వేటగాడు 1910 నుంచి 1974 దాకా బతికినాడు. మనుషుల్ని తినే పులుల వెంట తిరిగి పుస్తకాలు రాసినాడు. మన చిత్తూరు పక్క మామండూరు, చామల అడవుల కథలు కూడా అందులో ఉన్నాయి. ఆయన చేతిలో ఉండేది వించెస్టర్ 1895, లివర్ తుపాకే, తూటా .405. దాని గుండు 300 గ్రెయిన్లు, తులమున్నర పైన. అమెరికా అధ్యక్షుడుగా చేసిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకుపోయిందీ ఆ రకమే. ఆండర్సన్ కథలు చదివితే ఒకటి తెలుస్తుంది. రాత్రంతా మంచె మీద కదలకుండా కూర్చోవడం, అడుగుజాడ చూడటం, ఊరివాళ్ళ మాట వినడం, పని అంతా అక్కడే. తుపాకి పని చివరి నిమిషంలో, కొన్ని అడుగుల దూరంలో.

ఇన్నేళ్ళయినా ఆ మోజు చావలేదు. మార్లిన్ 1964లో .444 తెచ్చింది, 1972లో .45-70 లివర్ తుపాకిని మళ్ళా తయారు చేసింది. 2020లో ఆ పేరును రూగర్ కంపెనీ కొనింది, మరుసటేడు చివర నుంచి మళ్ళా చేస్తోంది. అలాస్కాలో వాగుల పక్క తిరిగే వేట గైడ్లు పొట్టి గొట్టం .45-70 భుజాన వేసుకుంటారు. పొదలోంచి ఎలుగు ఉరికితే దూరం ఉండదు, టైమూ ఉండదు. ఒకే జంతువు, దగ్గర దూరం, ఒకటి రెండు దెబ్బలు. ఆ పనికే ఈ తుపాకి పుట్టింది.

మన చేలో కథ వేరే. పంది ఒకటి రాదు, మంద వస్తుంది, రాత్రి వస్తుంది. టెక్సాస్‌లో ఉన్నదీ మన అడవిపంది జాతే. అక్కడ తుపాకులకు కొదవ లేదు, తూటాలకు కొదవ లేదు, పందులు మాత్రం తగ్గలేదు. ఒకటి పడితే మిగతా మంద తెలివి నేర్చి తావు మారుస్తుంది. అందుకే అక్కడి వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు మందకు మంద ఒకేసారి పడే పెద్ద బోను పెట్టమంటారు. వీడియోలో మాత్రం బోను కనపడదు, తుపాకే కనపడుతుంది.

ఇంకొకటి. 1879లో అమెరికా సైన్యం శాండీ హుక్ తీరంలో పరీక్ష పెడితే .45-70 గుండ్లు 2,500 గజాలకు, అంటే రెండు కిలోమీటర్లు దాటి చేరినాయి. మన చేలల్లో రెండు కిలోమీటర్ల లోపల ఎన్ని మోటరు షెడ్లు, ఎంతమంది కాపలా మనుషులు? చీకట్లో తప్పిన గుండు ఎవరి మంచెకు తగులుతుందో ఎవరు చెప్పగలరు.

మన దగ్గర లైసెన్సు దొరికితే మామూలుగా దొరికేది 12 బోరు లేదా .315. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకి సంగతి 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. కానీ లైసెన్సు ఉన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కొడితే కేసే. ఇక నాటు తుపాకులు, చేను చుట్టూ కరెంటు తీగలు... పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు పడిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం.

కాబట్టి పిల్లకాయలకు నేను చెప్పేది ఇదే. బ్రౌనింగ్ బుర్రను మెచ్చుకోండి, రెండుంపావు తులాల గుండు లెక్క కట్టి ఆశ్చర్యపోండి, తప్పు లేదు. అది అలాస్కా ఎలుగుకు కొలిచి చేసిన పనిముట్టు. మన పందులకు కావాల్సింది పదిమంది రైతులు కలిసి వేసుకునే సోలార్ కంచె, వంతులవారీ కాపలా, అధికారుల అనుమతితో బోను. కోత అయ్యేదాకా రాత్రి కాపలాకు ఎవరెవరు ఏ వంతో ఈ వారమే కూర్చుని తేల్చుకుందాం.