కందిపప్పు డబ్బా మీద త్రిభుజం

పాఠం చెప్పడానికి నోరూ, సుద్దముక్కా ఉంటే చాలు కదా అన్న ధీమాతో లెక్కల టీచరుగా 27 ఏళ్ళు నెట్టుకొచ్చాను. (మా ఇంట్లోవాళ్ళు నోరొక్కటే చాలంటారు. అది వేరే సంగతి.) 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి. నోరూ ఉంది, సుద్దముక్కా ఉంది, వినేవాళ్ళే లేకపోయారు.

ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మా తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్ లోనూ పాఠం వస్తుంది. పిల్లలు ఇంట్లో కూర్చుని చూడాలి. చూశారా, అర్థమైందా అని ఫోన్లు చేసి కనుక్కోవడం, వర్కుషీట్లు చేయించడం మా టీచర్ల వంతు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, టీవీలో చెప్పేవాళ్ళు చక్కగా చెప్పేవారు. కానీ టీవీకి నోరే గాని చెవులేవీ? 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అంత దూరాన్నుంచి ఆకాశంలోంచి పాఠం దిగింది గాని, "మళ్ళీ చెప్పండి" అని ఒక పిల్లవాడంటే వినే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. 45 ఏళ్ళు గడిచాకా అంతే. ఆ తిరుగుటపా ఏదో టీచరే మొయ్యాలి.

సరే, సాయంత్రాలు మా తొమ్మిదో తరగతికి నేనే జూమ్ లో కూర్చుంటానన్నాను. మా అబ్బాయి మహా ఉత్సాహంగా నేర్పించబోయాడు. "అమ్మా, నీ వెనకాల ఊటీ కొండలు పెట్టుకోవచ్చు తెలుసా?"

"ఊటీ ఎందుకురా నాకు? పైథాగరస్ కనిపిస్తే చాలు" అన్నాను.

అదే పెద్ద సమస్య అయి కూర్చుంది మరి. లెక్కల టీచరు మొహం చూసి ఎవరికేం లాభం? చెయ్యి కనపడాలి, కాగితం కనపడాలి. ఇటు కందిపప్పు డబ్బా మీద మినప్పప్పు డబ్బా, అటు శనగపప్పు డబ్బా మీద పెసరపప్పు డబ్బా పెట్టి, వాటి మీద వంతెనలా రెండు చెక్క స్కేళ్ళు వేశాను. వాటి మీద ఫోను వెల్లకిలా పడుకోబెడితే, వెనక కెమెరా సందులోంచి సరిగ్గా నా నోట్సు మీదికి చూస్తుంది. కొన్న స్టాండు దీని ముందు దిగదుడుపే! కాకపోతే పాఠమయ్యేదాకా ఇంట్లో పప్పు ముట్టుకోవడానికి వీల్లేదు. "ఇవాళ కూడా చారేనా?" అని మావారు గుమ్మంలోంచి సైగ చేసేవారు.

మా తోటి టీచరొకావిడ ఫోను ముందువైపు కెమెరా పెట్టుకుని, బోర్డు మీద తను రాసింది తనకి తిరగబడి కనిపిస్తోందని రెండు రోజులు అక్షరాలు తిరగేసి రాయడం సాధన చేసింది పాపం. అది అద్దం లాంటిది, మనకే అలా కనిపిస్తుంది, పిల్లలకి సవ్యంగానే ఉంటుంది. ఇంత చిన్నమాట చెప్పేవాళ్ళు లేక ఎంత హైరానా! స్క్రీను పంచుకునే ముందు వచ్చే మెసేజీలు ఆపెయ్యాలన్నదీ అలాంటిదే. ఆపకపోతే సిద్ధాంతం నడిమధ్యలో మా ఆడపడుచు గోంగూర పచ్చడి కబురొచ్చి వాలుతుంది.

అసలు కష్టం వేరే ఉంది. క్లాసులో "అర్థమైందా?" అని అడిగితే, "అయ్యిందండీ" అన్న గొంతులోనే కానిది ఎవరికో తెలిసిపోతుంది. జూమ్ లో అడిగితే నల్లటి గళ్ళు. డేటా అయిపోతుందని కెమెరాలు తియ్యరు. అందుకని ఆ ప్రశ్న మానేశాను. లెక్కిచ్చి, "జవాబు చాట్ లో టైపు చెయ్యండి, నేను 'ఊఁ' అనేదాకా పంపొద్దు" అనేదాన్ని. "ఊఁ" అనగానే అందరివీ ఒక్కసారి వచ్చి పడేవి. పక్కవాడిది చూసి కొట్టే వీలు లేదు. ఎక్కడ తప్పారో నాకు కళ్ళకి కట్టినట్టుండేది. ఉచితంగా ఇచ్చేది 40 నిమిషాలే. టంచనుగా కట్టయిపోయేది, మా బడి గంటైనా అంత కచ్చితంగా కొట్టదు.

వాట్సాప్ గ్రూపు పెడదామంటే ఆడపిల్లల తల్లులు వద్దన్నారు. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి కదా! వాళ్ళ భయం వాళ్ళది, నేను మాత్రం తప్పుపట్టను. బ్రాడ్‌కాస్ట్ జాబితా పెడితే ఎవరి సందేశం వాళ్ళకే విడిగా వెళుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. పిల్లల ఫోన్లలో మన నంబరు సేవ్ అయి ఉంటే చాలు. మాకిచ్చిన శిక్షణలో మీటలన్నీ చూపించారు గాని ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంత చేసినా 42 మందిలో రోజూ వచ్చేది 17 మంది. మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఒక్కటే ఫోను. అది తండ్రితో పనికి వెళ్ళిపోతుంది. మూడో బెంచీలో కూర్చునే ఒక పిల్ల పరిస్థితి ఇదే. వాళ్ళ నాన్న తాపీ పనికెళ్ళి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అందుకని ఆ పిల్లలాంటి వాళ్ళకి రెండు నిమిషాల పాఠం గొంతుతో చెప్పి, పటం ఫోటో జతచేసి పంపేదాన్ని. వీడియో కన్నా ఎంతో తక్కువ డేటా. రాత్రి నోట్సు ఫోటో వచ్చేది. ఆ ఫోటో మీదే వేలితో ఎర్రగా దిద్ది తిప్పి పంపేదాన్ని.

అక్టోబరులో వారం రోజులు ఆ పిల్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న, "పత్తి ఏరనీకి పోతున్నది మేడం. బడే లేదు గదా, ఇంట్ల కూసోని ఏం చేస్తది?" అన్నాడు.

నాకు గుండె జారిపోయింది. ఇలా చేలోకి వెళ్ళినవాళ్ళలో ఎందరు తిరిగి బెంచీ ఎక్కుతారో మాకు తెలుసు. పత్తి తర్వాత మిరప, మిరప తర్వాత పెళ్ళి సంబంధం. వాళ్ళమ్మకి చదువు రాదు, టైపు చేసి పంపి ఏం లాభం? పేరు పెట్టి పిలిచి, గొంతుతోనే పంపాను. "అమ్మా, నీ బిడ్డకి లెక్క బాగా వస్తుంది. పత్తి ఏరి వచ్చినాకే చేయించు. రాత్రి ఏ వేళైనా నేనుంటాను" అన్నాను. మర్నాడు రాత్రి ఒక ఫోటో వచ్చింది. నేలమీద మూడు చీపురుపుల్లలు. వెనకాల ఆ పిల్ల గొంతు.

"మేడం, మూడు, నాలుగు, తొమ్మిది అంగుళాలు తీస్కున్న. ఎట్ల పెట్టినా కలుస్తలేవు. అన్ని పుల్లలతోని త్రిభుజం రాదా?"

క్లాసులో ఏనాడూ నోరు విప్పని పిల్ల! ఆ ఏడాది మొత్తంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. మావారికి వినిపించాను, అబ్బాయికి వినిపించాను. "రాదమ్మా, ఏ రెండు పుల్లలు కలిపినా మూడోదానికన్నా పొడుగుండాలి" అని చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకి బళ్ళు తెరిచారు. మాస్కు పైన రెండు కళ్ళేసుకుని వచ్చి మూడో బెంచీలో కూర్చుంది. "ఏమ్మా, ఏమైనా అడగాలా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను టింగుమంది. "మేడం, పొద్దున చెప్పిన లెక్కల ఒక డౌటు..."