బియ్యం నమిలే పాపకు పెండ్లినాడు వాన

రండి, పొయ్యి దగ్గరికి జరగండి. మా ఊరు పరిగిలో చలేముంది అనుకుంటారు గానీ, ధనుర్మాసంలో మా చెరువు మీద నుంచి గాలి తిరిగిందంటే సాయంత్రం ఐదుకే భుజాలు ముడుచుకుంటాయి. ఊరికే కూర్చోకండి. ఇవిగో, రాత్రి నానబెట్టిన అనపగింజలు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కండి. తోలు వేళ్లకే అంటుకుని పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పితికితే వచ్చేది కాబట్టి పితికిపప్పు. మధుగిరి వైపు పోతే ఇదే హితికిద బేళె. ఒంటరిగా పితికితే విసుగు. నలుగురు కూడితే గంప ఎప్పుడు ఖాళీ అయిందో తెలీదు, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలుస్తుంది.

నేను చాలా సంగతులు ఈ గంప దగ్గరే విన్నాను. అన్నింటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది: “నాకు ఆకలి ల్యాదు.”

ఆ మాటకు ఆకలితో ఏ సంబంధమూ ఉండదు. మా పిన్నమ్మ ఆ మాట అన్న రోజు వంట ఇంకా బాగుండేది. ముద్ద ఉండ కట్టకుండా గెలికేది, చెనక్కాయల ఊరిబిండి రోట్లోనే నూరేది, అందరికీ వడ్డించేది, చివరికి గిన్నె మీద మూత పెట్టి పోయి పడుకునేది. మా చిన్నాయన అన్నం మీద అలిగితే వీధి చివర హోటల్లో దోసె తిని వచ్చేవాడు. ఆమెకు ఏ హోటలుంది? పొద్దున గిన్నెలో గట్టిపడిన ముద్దను చూసి “ఏం మే, రాత్రి తినలేదా?” అని అడిగింది వాళ్ల అత్త. చిన్నాయన కాదు. ఇంట్లో ఆమెకు పడనిది ఎవరితోనంటే ఆ అత్తతోనే! అయినా గిన్నెను చూసి మనిషిని కనిపెట్టడం ఆ ముసలామెకు ఒక్కదానికే వచ్చు. తన వయసులో తాను ఎన్ని రాత్రులు మూత పెట్టి పడుకుందో మరి.

అలకను దాచుకోవడానికి ఇంకో మంచి చోటుంది, ఒక్కపొద్దు. సోమవారం శివుడికి, గురువారం బాబాకు, శనివారం వెంకటేశ్వరుడికి. భక్తితో ఉండేవాళ్లను నేనేమీ అనను. కానీ వారానికి మూడు ఒక్కపొద్దులు పట్టిన ఒక వదినను నాకు తెలుసు. మొగుడితో మాటలు ఆగిపోయినాకే ఆమెకు దేవుళ్లు ఒక్కొక్కరే పెరిగారు. ఒక్కపొద్దు అంటే చాలు, ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. పైగా దండం పెడతారు.

దీనికి అవతలి ఒడ్డు కూడా చెప్పాలి. మా పక్క ఇప్పుడు పొలాల కంటే గార్మెంట్స్‌కు పోయే ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. నాలుగున్నరకే లేచి వంట, క్యారియరు, బస్సు. రోజంతా మిషను ముందు కూర్చుని, చీకటి పడినాక దిగి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి. అందరూ తిని పడుకున్నాక, వంట గట్టు దగ్గర నిలబడే, మిక్చర్ పొట్లం విప్పి సగం పైగా తినేస్తుంది ఒకామె. ఆకలికి కాదక్కా, ఆ పది నిమిషాలే నావి, అంది నాతో. తిన్నాక పొట్లం కాగితాన్ని మడిచి చెత్తలో అడుగుకు తోస్తుందట, పిల్లలు చూస్తే నవ్వుతారని. డాక్టర్లు దీనికి పెద్ద పేర్లు పెట్టారు. నేను దిగులు తిండి అంటాను.

తినకపోవడం, తిని దాచడం రెండూ వేర్వేరు జబ్బులని నేనూ అనుకునేదాన్ని. కాదట. 1945లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 24 వారాలు తిండి తగ్గించి చూశాడు. యుద్ధానికి పోమన్నవాళ్లు, ఇష్టపడే వచ్చారు. రోజుకు సుమారు 1,570 కెలోరీలు, అంటే పస్తు కాదు, చాలీచాలని తిండి. కొన్ని వారాలకే వాళ్లు చీటికీ మాటికీ విసుక్కోవడం, ఎవరితోనూ కలవకపోవడం, దిగులుగా కూర్చోవడం మొదలుపెట్టారు. తిండి గురించే కలలు. వంట చేయనివాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగేశారు. మళ్లీ కడుపునిండా పెట్టినాక చాలామంది ఆపుకోలేక తిన్నారు. చూశారా, ముందు మనసు చెడి తిండి మానారని కాదు, తిండి తగ్గి మనసు చెడింది. పగలు ఒక్కపొద్దు, రాత్రి మిక్చర్ పొట్లం, ఒకే తాడుకు రెండు కొసలు. ఆ మగవాళ్లకు ఒక మేలు కూడా ఉంది: ఫలానా తేదీకి అయిపోతుందని తెలుసు.

ఇంక అసలు కబురు. ఒకనాడు గింజలు పితుకుతూ మా ఎదురింటి పాప మధ్యమధ్య నోట్లో ఏదో వేసుకుంటోంది. పప్పు అనుకున్నాను. దగ్గరికి పోతే కరకరమని చప్పుడు. పచ్చి బియ్యం! కొంగు చివర ముడి కట్టుకుని ఉంది. చెప్పాలంటే మన ఊళ్లలో ఇది కొత్తేం కాదు. బియ్యం, బలపాలు నమిలేవాళ్లు, తడిసిన మట్టి వాసనకు ప్రాణం లాగి గోడ గీకి తినేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. “పచ్చి బియ్యం తింటే పెండ్లినాడు వాన పడుతుంది మే” అని మా అవ్వలు బెదిరించేవాళ్లు. ఆ లెక్కన మా జిల్లాకు కరువే రాకూడదు! ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ ఇది. ఇన్ని తరాల ఆడపిల్లలు ఇన్ని శేర్ల బియ్యం నమిలినా మా జయమంగళి ఏరు ఏటా నిండుగా వచ్చి పెన్నలో కలిసింది లేదు.

వాన సంగతి ఏమో గానీ, ఆ కరకర వెనక చాలాసార్లు ఉండేది రక్తం తక్కువ. తిండి కానిదాని మీద మనసు పోవడాన్ని వైద్యులు పైకా అంటారు. ఏది దొరికితే అది నోట కరుచుకునే మాగ్‌పై పక్షికి లాటిన్‌లో ఉన్న పేరట అది. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అదే ఇనుము తగ్గితే ఆయాసం, నీరసం, ఊరికే కోపం, దేని మీదా మనసు పట్టకపోవడం. ఇంట్లోవాళ్లు దానికి పెట్టే పేరు మాత్రం “దానికి పొగరు” లేదా “దానికి బద్ధకం”. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో 16 మందికి. ఒకే పొయ్యి, ఒకే బియ్యం సంచి! నెలనెలా పోయేది, కాన్పుల్లో పోయేది సరే, వడ్డించి చివర్న అడుగున మిగిలింది తినేది ఎవరో కూడా ఆ లెక్కలో కలపండి.

ఆ పాపను నేను తిట్టలేదు. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకుపోయాను. వేలి మీద ఒక్క సూది పోటు. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే తక్కువ కిందే లెక్క, కడుపుతో ఉన్నవాళ్లకైతే 11. ఆమెకు 8 చిల్లర. ఇనుము మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులకే మానేసింది. “నల్లగా పోతాంది అక్కా, లోపల ఏమో అయింది” అని భయం. అది మాత్ర గుణం, భయం లేదని చెప్పడానికి ఇంకో సాయంత్రం పట్టింది. అన్నం తినగానే టీ తాగొద్దని, తాగితే తిన్న ఇనుము సరిగ్గా ఒంటబట్టదని, పప్పులో నిమ్మకాయ పిండుకోమని కూడా చెప్పాను. టీ మాత్రం మానలేదు, గంట ఆగి తాగుతోంది. మూడో నెలకు కొంగు ముడిలో బియ్యం లేదు.

రక్తం సరిపోయినా దిగులు పోని వాళ్లుంటారు. వాళ్లకు పప్పు, నిమ్మకాయ చాలవు. 2022 అక్టోబరు నుంచి మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వమే నడుపుతున్న టెలీమానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మా మిక్చర్ ఆమె ఆ నంబరును బియ్యం డబ్బా మూతకు లోపల వైపు రాసుకుంది. చేసిందో లేదో నేను అడగలేదు.

గిన్నె నిండింది, లేవండి. ఈ రాత్రికి పితికిపప్పు, ముద్ద. మీ ఇంట్లో ఎవరైనా ఆకలి లేదని గిన్నె మీద మూత పెడుతుంటే మాత్రం లైటు తీసేసి పడుకోకండి. ఇంకో పళ్లెం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చోండి.