నా కారు బ్రేకులు

గడచిన వేసవి సెలవులలో మా పాత మారుతి కారు ఆగునప్పుడెల్ల ముందు చక్రములనుండి నల్లబల్లమీద గోరు గీచినట్టి చప్పుడు వినవచ్చుచుండెను. పెడలు మీదినుండి కాలు తీసినతోడనే అది పోవుచుండెను. కనుక నేను దానిని లక్ష్యపెట్టలేదు. పోయినదానిని గూర్చి విచారింపకుండుట మా పండితవర్గమునకు పుట్టుకతో వచ్చిన విద్య. మా యావిడ మాత్రము, "ఏమండీ, అది ఊరికే అరవడం లేదు, ఏదో చెపుతోంది" అని రెండు మూడు పర్యాయములు హెచ్చరించెను.

ఆమె మాట అక్షరాల నిజము. అనేకములగు బ్రేకు ప్యాడ్లకు ఒక చిన్న యినుప రేకును అమర్చుదురు. ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్ల మందమునకు అరిగినప్పుడు ఆ రేకు డిస్కును రాచికొని కీచుమనును. యంత్రము తన బాధను తాను చెప్పికొనుటకై మనుష్యుడు దానికి పెట్టిన నోరది. ఆ నోటికి గూడ చెవి యొగ్గని యజమానుని ఏమనవలయును?

ఊరిలోని యొక పెద్ద షెడ్డువారు కారును చూచి ప్యాడ్లు, డిస్కులు, బ్రేకు ఆయిలు, కూలి అన్నియు కలిపి 9,400 రూపాయలని చీటి వ్రాసి యిచ్చిరి. డిస్కు లెందుకని యడిగితిని. "మార్చేస్తే మంచిది సార్" అనిరి. నేను తర్కము కొంత చదువుకొన్నవాడను. ఈ వాక్యములో పక్షమున్నది, సాధ్యమున్నది, హేతువు మాత్రము లేదు. డిస్కు ఎంత వఱకు అరుగవచ్చునో ఆ కనిష్ఠపు మందమును సాధారణముగా దానిమీదనే ముద్రించి యుంతురు. మా సైన్సు మాస్టారి నడిగి బడిలోని వెర్నియరు కాలిపర్సు తెచ్చి, అంచున నేర్పడిన గట్టును తప్పించి కొలిచితిని. డిస్కులకు ఇంకను ఆయుర్దాయ మున్నది. కావలసినవి ప్యాడ్లు మాత్రమే. అవి 1,250 రూపాయలకు దొరికినవి. అప్పుడే, ఈ పనిని నేనే యేల చేయరాదను తలంపు నాకు కలిగెను.

కలిగినతోడనే సిగ్గును కలిగెను. నలుబదియైదేండ్లు వచ్చినను నేనొక నట్టును విప్పి యెఱుగను. కఠోపనిషత్తులో శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును కళ్లెముగను చెప్పిన ఘట్టమును ఇరువదేండ్లుగా పిల్లలకు బోధించుచున్నాను. నా యింటి రథమునకు కళ్లె మెచ్చట నున్నదో నాకు తెలియదు! అంతకంటె సిగ్గుపడవలసినది మఱియొకటి గలదు. కళ్లెమును బాగుచేసి యిచ్చు మెకానిక్కును, నెరసిన మీసముల వానినైనను, "ఏరా అబ్బాయ్" అని పిలుచుటకు నా నోరెన్నడును సంకోచింపలేదు. గంటము పట్టిన చేయి గొప్పది, స్పానరు పట్టిన చేయి తక్కువది యని మాకెవరును పాఠము చెప్పలేదు. ఇంటిలో పెద్దల కంఠస్వరమునుండియే నేర్చికొంటిమి.

ఆ చేయి చేయు పని సామాన్యమైనది కాదు. ఎనిమిది వందల కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా దానిని నిలిపినచో, ఆ గమనశక్తి ప్రధానముగా బ్రేకులలో వేడిగా మాఱవలయును. లెక్క వేసి చూచితిని. ఆ వేడితో 30 డిగ్రీల నీటిని ఇంచుమించు 380 మిల్లీలీటర్లు మరిగింపవచ్చును. అనగా మా యింటిల్లిపాదికి కాఫీనీళ్లు! వేగము రెట్టింపైనచో ఈ వేడి నాలుగింత లగును. దీనినంతను భరించునది అరచేతిలో పట్టు నాలుగు ప్యాడ్లును, వెనుక డ్రమ్ములలోని లైనింగులును. ఇంగ్లండులో లాంచెస్టరు 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో జాగ్వారు కార్లు ఆ బ్రేకులతో లమాన్ పందెమును గెలిచిన పిదప గాని దానికి విశేషప్రచారము కలుగలేదు.

పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి కారుతో వచ్చిన పుస్తకమును ముందు పెట్టుకొని, చేయవలసిన పనులను వరుసగా కాగితముమీద వ్రాసెను. ఆమె చదువుట, నేను చేయుట, ఇది యొప్పందము. పోర్టికోలో చదునైన నేలమీద కారు నిలిపి, వెనుక చక్రములకు ఇటుకలు అడ్డు పెట్టితిమి. నట్లను నేలమీద నుండగనే కొంచెము వదులుచేసి, జాకీతో ఎత్తి, ఇనుప స్టాండ్లమీద నిలిపితిమి. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద చేయి పెట్టరాదు. ఆ స్టాండ్లకు 1,600 రూపాయలైనవి. పొదుపునకై బయలుదేరినవాడు మొట్టమొదట ఖర్చు పెట్టవలసినది ఇక్కడనే.

ఒకేసారి రెండు చక్రములను విప్పవద్దని మా అమ్మాయి పట్టుపట్టెను. ఒకటి విప్పినప్పుడు రెండవది మాతృకగా నుండునట. వ్రాతప్రతులను పరిష్కరించువారి పద్ధతియే యిది. నాకు తోచనందుకు కొంచెము చిన్నతన మయ్యెను. కాలిపరును విప్పి, రబ్బరు గొట్టము మీద దాని బరువు పడకుండ తీగతో కట్టితిని. నల్లని ధూళిని నోటితో ఊదబోగా ఆమె చేయి పట్టుకొనెను. పూర్వము ఈ ప్యాడ్లలో ఆస్బెస్టాసు కలుపుచుండెడివారు. ఏ ప్యాడులో నేమున్నదో చూచి చెప్పలేము గనుక తడిగుడ్డతో తుడుచుటయే మేలు.

క్రొత్త ప్యాడు మందముగా నుండును గనుక, అది పట్టుటకు పిస్టనును క్లాంపుతో మెల్లగా లోనికి నొక్కవలయును. ఇందలి కీలకమును వివరించెదను. నా యపరాధమంతయు ఇచ్చటనే యున్నది. పెడలు త్రొక్కినప్పుడు గొట్టములలోని ఆయిలు పిస్టనును త్రోయును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన యొత్తిడి అంతటను సమముగా వ్యాపించునని పాస్కలు పండితుడు 17వ శతాబ్దిలో చెప్పినది ఇదియే. పిస్టనును వెనుకకు నొక్కినప్పుడు ప్యాడునకును దానికిని నడుమ సందు ఏర్పడును. ఆ సందు పూడు వఱకు పెడలును పలుమారులు త్రొక్కవలయును. అంతవఱకు కాలు క్రిందికి దిగును గాని చక్రమునకు పట్టు దొరకదు.

మా అమ్మాయి కాగితములో ఇది పదునాలుగవ పంక్తి. రెండవ చక్రము నాటికి నాకు ధైర్యము హెచ్చెను. కాగితము నవతల పెట్టుమంటిని. రెండుసార్లు చదివిన శ్లోకమునకు పుస్తక మెందుకన్న గర్వము! చక్రములు బిగించి, స్టాండ్లు తీసి, ఇటుకలు తొలగించి, ఆమె "నాన్నగారూ, ఇంకా ఒకటి ఉంది" అనుచుండగనే రివర్సు గేరు వేసి బయలుదేరితిని.

మా గేటునుండి వీథిలోనికి వాలుగా సిమెంటు దారి యున్నది. దాని నడుమ పెడలు త్రొక్కితిని. అది మెత్తగా నేలను తాకెను. అద్దములో కూరగాయల తోపుడుబండియు, దాని వెనుక ప్రతిదినము మా యింటికి వంకాయలు తెచ్చి యిచ్చు ఆమెయు కనబడిరి. హ్యాండు బ్రేకు తీగతో వెనుక డ్రమ్ములను పట్టునది గనుక ఈ ఆయిలుతో దానికి నిమిత్తము లేదు. ఆ సంగతిని తలచి లాగితినని చెప్పుకొనుటకు నాకర్హత లేదు. భయముచేత చేయి దానికదియే పోయెను. కారు తోపుడుబండికి జానెడు దూరమున నిలిచెను. ఆమె బండిని వెనుకకు గుంజుటలో టమాటాలు వీథినిండ దొర్లినవి.

నేను దిగి, నోట మాట రాక, టమాటాలు ఏరసాగితిని. ఆమె కొంతసేపు నన్ను చూచి, "బ్రేకులు మీరే ఏసుకున్నారా మాస్టారూ?" అని యడిగెను. అవునంటిని. "మెకానిక్కు లేడా ఊళ్లో?" అనెను. ఆ ప్రశ్నలో నింద లేదు. నిజముగనే తెలిసికొనగోరి యడిగినది. నేను పొదుపుచేయదలచిన డబ్బులో ఆమె ప్రాణమును పందెముగా పెట్టు నధికారము నాకెవరిచ్చిరని ఆమె యడుగలేదు. అడిగినచో నావద్ద సమాధానము లేదు.

కారులోనికి పోయి పెడలును నాలుగైదుసార్లు త్రొక్కగా అది రాతివలె గట్టిపడెను. అయినను నాకు నమ్మకము చాలలేదు. బస్టాండు దగ్గఱ షెడ్డులోని మెకానిక్కును బ్రతిమాలి ఇంటికే పిలుచుకొని వచ్చితిని. ఆయన చక్రములు విప్పి చూచి, నట్లను ఎదురెదురుగా మరల బిగించి, "పని బాగానే చేశారండి, చివర తొందరపడ్డారు" అనిరి. 300 రూపాయలు ఇచ్చితిని. ఆయనను 'అండీ' యని పిలుచుటకు నాకు ఆ దినమున ప్రయత్న మక్కఱలేకపోయెను.

బ్రేకు ఆయిలు మార్చు పనిని ఆయనకే విడిచిపెట్టితిని. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది మరుగు ఉష్ణోగ్రత తగ్గును. గొట్టములలో గాలిబుడగ చేరినచో పెడలు మరల మెత్తబడును. ఆ మెత్తదనము నా కాలికి బాగుగా జ్ఞాపకమున్నది.

మా యావిడ లెక్క కట్టినది. ప్యాడ్లు, స్టాండ్లు, క్లాంపు, స్పానర్లు, మెకానిక్కు కూలి, టమాటాలు కలిపి 4,480 రూపాయలు. డిస్కులు మానుకొనుటవలన మిగిలినదే అసలు మిగులు. దానికి కారణము నా చేయి కాదు, వెర్నియరు. పనిముట్లు ఇంటనే యున్నవి గనుక వచ్చుమాఱు మిగులునని నేను వాదించుచున్నాను. వచ్చుమాఱు కాగితము తన చేతిలోనే యుండునని మా అమ్మాయి షరతు పెట్టినది. ఒప్పుకొంటిని.

కూరగాయలామె ఇప్పటికిని మా వాకిటికి వచ్చుచున్నది. గేటు దగ్గఱ బండి నాపి, లోపలికి తొంగిచూచి, "మాస్టారూ, ఇవాళ కారు తీస్తున్నారా?" అని కేక వేసి, జవాబు విన్న తరువాతనే మా వాలును దాటుచున్నది.