యంత్రపు సరుకు బేరము

మోటారు సైకిలు యంత్రముతో ఆడువారికేమి పనియని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. విజయవాడలోని మా యింట పద్దుల పుస్తకము మా చేతిలో నున్నది. ఆ బండిపై తిరుగబోవువాడు మా కుమారుడు.

పాత 350 బుల్లెట్టు నొకదానిని వాడు సంపాదించెను. దాని సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరము 90. ఆ పోత యినుప సిలిండరునందే యెక్కువ బలము పుట్టింపవలెనని వాని పట్టు. మేము వలదనలేదు. లోపలికి పోవు ప్రతి వస్తువును ముందుగా మా బల్లమీద కొలిచి చూపవలెనని మాత్రము నియమము పెట్టితిమి. వేగముగా పోవునప్పుడు పిస్టను బిగిసికొనినచో వెనుక చక్రము తిరుగుట మాని బండి జారి పడును. ఆ సంగతి మేస్త్రి చెప్పిననాటి నుండి మాకు సరిగా నిద్ర లేదు.

పిస్టన్లు రెండు విధములు: కరగిన లోహమును అచ్చులో పోసినవి, వేడిచేసి గొప్ప ఒత్తిడితో అదిమినవి. పోత పెనము క్రింద పడిన పగులును. కమ్మరి కొట్టిన అట్లకాడ వంగునే గాని విరుగదు. బలము పెంచిన యంత్రమునకు అదిమినదే మేలు. అయితే అది వేడికి హెచ్చుగా పెరుగును గనుక, సిలిండరునకును దానికిని నడుమ సందు కొంచెము ఎక్కువ విడువవలెను. ఎంతయో చేసినవారి కాగితములో నుండును. కాగితము లేని పిస్టను ఎంత మెరసినను మేము కొనలేదు.

ఆటోనగరులో ఒక అంగడివారు అందమైన పెట్టెలో రింగులు చూపి, “అసలు సరుకేనమ్మా, కళ్లు మూసుకొని తీసుకొండి” అనిరి. మేము చింతపండైనను అట్లు కొనము! రింగును సిలిండరులో సమముగా దింపించి, కొనల నడుమ సందును ఫీలరు గేజి రేకులతో కొలిపించితిమి. సుమారు 0.28 మిల్లీమీటరు ఉండవలెను. ఒకదానికి సరిపోయెను, దాని జతకు 0.10 రేకైనను దూరలేదు. వేడికి పెరిగి కొనలు తాకినచో రింగు విరిగి సిలిండరును గీచివేయును. ఆకురాయితో అరగదీసికొనవచ్చునని వారనిరి. నిజమే, కాని ఒక పెట్టెలోని జత రింగులే రెండు విధములుగా నున్నప్పుడు వాని లోహమును నమ్ముటెట్లు? తిరిగి యిచ్చివేసితిమి.

బేరింగుల విషయమును ఇట్టిదే. మేస్త్రి కోరినది సి 3 అను గుర్తు గలది. వేడికి తట్టుకొనుటకు లోపల సందు మామూలుకంటె హెచ్చుగా నుండునని దాని యర్థము. పెట్టెపై గుర్తుండి బేరింగుపై లేనివి రెండు మా బల్లమీదికి వచ్చి పోయినవి.

పాత సిలిండరు హెడ్డు కొరకు చెన్నై పుదుపేటలో వెదకించుచున్నాము. యంత్రము మా వసారాలో గుడ్డ కప్పుకొని యున్నది. మావాడు బస్సులో ఉద్యోగమునకు పోవుచున్నాడు.