క్లచ్ ఎరిగిన దారి

సిరిసిల్లలో కారు స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు పక్కింటికి కూడా వినపడదు. సందుల్లో సాంచాలు... అదేనండీ, మరమగ్గాలు... టకటకమంటూ దాన్ని మింగేస్తాయి. అందుకేనేమో బండి జబ్బును ఇక్కడి కుర్రకారు చెవితో కన్నా ముక్కుతోనే ముందు పట్టేస్తారు. మాడు వాసన వచ్చిందా, క్లచ్ ప్లేటు పనైపోతున్నట్టే!

పాత డీజిల్ స్విఫ్ట్ సంగతే చూడండి. 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసినా, సెకండ్ హ్యాండ్‌లో కొని ముచ్చట తీర్చుకునేవాళ్లున్నారు. అందులోని 1.3 లీటర్ల ఇంజిన్ ఇచ్చే టార్క్ 190 న్యూటన్ మీటర్లు. కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయిస్తే అది 230 దాటుతుంది. బలం పెరిగింది సరే, దాన్ని చక్రాలకు అందించే క్లచ్ మాత్రం పాతదేగా! నాలుగో గేర్లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, వేగం లేవదు. ప్లేటు జారుతోందన్నమాట.

మరి ఏది వేయించాలి? రేసు కార్లలో వాడే సిరామిక్ ప్లేటు పేరు వినగానే కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. వేడికి బెదరదు, ఎంత బలాన్నైనా పట్టేస్తుంది. కానీ దానికి పట్టడం, వదలడం తప్ప మధ్యస్థం తెలియదు. సోమవారం రాజన్న దర్శనానికి వేములవాడ వెళ్లి, ఆ రద్దీలో అడుగడుగునా ఆగుతూ కదిలి చూడండి... బండి గంగిరెద్దులా తల ఊపుతుంది. వెనక సీట్లో అమ్మ దేవుణ్ని తలుచుకోవడం గుడి రాకముందే మొదలవుతుంది!

కెవ్లార్ రకం మెత్తగా పడుతుంది, చాలాకాలం మన్నుతుంది. అయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ప్లేటును కుదురుకోనివ్వాలి. కొత్త బలం చూపించాలని ఆరోజే తొక్కితే నున్నబడి పట్టు పోతుంది. ఇక మూడో దారి, కంపెనీ రకం ప్లేటుకే గట్టి ప్రెషర్ ప్లేటు జతచేయడం. పెడల్ కాస్త బరువెక్కుతుంది. రోజూ తిరిగే బండికి ఇదే నయం. ఏది వేసినా గేర్‌బాక్సు దించక తప్పదు కాబట్టి, రిలీజ్ బేరింగును కూడా అప్పుడే మార్పించి, ఫ్లైవీల్ ముఖం చదును చేయించాలి. అక్కడ పిసినారితనం చూపితే మళ్లీ అదే కూలీ!

వేములవాడ నుంచి కొండగట్టు చేరితే క్లచ్‌కి అసలు పరీక్ష. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మలుపులు దిగేటప్పుడు చిన్న గేర్లో ఉంటే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులకు భారం తగ్గుతుంది. క్లచ్ జారితే ఆ పట్టు సడలుతుంది. అంటే మాడు వాసనను పట్టించుకోకపోవడం పికప్‌తో పోయే ముచ్చట కాదు.

కొండ దిగి జగిత్యాల వస్తే, మామిడి కాలంలో చల్‌గల్ మార్కెట్ వైపు లోడు బండ్ల బారు. మళ్లీ హాఫ్ క్లచ్! అది దాటి 63వ నంబరు జాతీయ రహదారి ఎక్కాకే, కోరుట్ల దాకా 20 కిలోమీటర్ల పైచిలుకు దారిలో రీమ్యాప్ చేసిన ఇంజిన్‌కి ఊపిరాడేది. ఆ కాసేపటి కోసం మిగతా దారంతా మోకాలు నొప్పి ఎందుకంటారు పెద్దలు.

ఈ పట్నాల్లో ఇంకో లెక్కా ఉంది. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ నడిపినాయన సెలవుపై వస్తే, ఎడమకాలు క్లచ్‌నే మరిచిపోయి ఉంటుంది. ముచ్చటపడి బండికి మార్పులు చేయించేది ఆయన. సెలవు అయిపోయాక దాన్ని ఆస్పత్రికీ పెళ్లిళ్లకూ తిప్పేది తమ్ముడో, అరవై దాటిన నాయనో. ప్లేటు ఎంచుకునేటప్పుడు గుర్తు పెట్టుకోవాల్సింది వాళ్ల కాళ్లనే. ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతూ అన్న చెప్పే అప్పగింతల్లో ఆ మాటా ఉంటుంది...

‘‘తమ్మీ, క్లచ్ మీద కాలు పెట్టి నడపకు. నాయనకు పెడల్ బరువైతాందంటే మెకానిక్ దగ్గరికి తీస్కపో!’’