తగ్గిన వెలుగు, దిగిన నీరు

అమెరికాలో ఉండే మా మేనకోడలు పంపిన కవరు మీద జేమ్స్ వెబ్ టెలిస్కోపు స్టాంపు ఉంది. అక్కడి తపాలా శాఖ 2022 సెప్టెంబరు 8న విడుదల చేసింది దాన్ని. ఆ టెలిస్కోపు అద్దం 6.5 మీటర్ల వెడల్పు. బంగారు పూత పూసిన 18 బెరీలియం పలకల కూర్పు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఎక్కడినుంచో వచ్చే కాసింత వేడిని పసిగట్టాలంటే తన ఒళ్లు చల్లగా ఉండాలి గనుక, ఐదు పొరల తెర నీడన సున్నాకు 233 డిగ్రీల దిగువన పనిచేస్తుంది. ఎండల్లో పెరిగినవాణ్ణి, నీడ విలువ నాకు తెలుసు. ఆ తెర గురించి చదివి ముచ్చటపడ్డాను.

నన్ను నిజంగా పట్టుకున్న సంగతి వేరే ఉంది. 2022 జులై 12న విడుదలైన తొలి ఫలితాల్లో, రంగురంగుల బొమ్మల నడుమ ఒక గీతల పటం ఉంది. 1,150 కాంతి సంవత్సరాల దూరాన వాస్ప్-96బి అనే వాయుగ్రహం మీద నీటి ఆవిరి ఉందని చెప్పే పటం. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా సాగేటప్పుడు, ఆ నక్షత్రపు వెలుగు కొంత గ్రహపు గాలిలోంచి మనదాకా వస్తుంది. నీటి ఆవిరి అందులో కొన్ని తరంగాలను మింగేస్తుంది. ఏ తరంగంలో వెలుగు ఎంత తగ్గిందో కొలిచి, అక్కడ నీరుందని తేల్చారు.

అనంతపురం మనిషికి ఇది మామూలు వార్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. శెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకుని మబ్బు వైపు చూడటం, అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోట బోరు వేయించడం, అది ఎండితే ఇంకో బోరు, ఇంకో అప్పు. నీళ్లెక్కడున్నాయనే ఎప్పుడూ వెతుకులాట. ఎంత తగ్గాయో కొలవడం కూడా నీటి జాడ పట్టడమేనని నాకు ఆ పటం నేర్పింది.

మన రైతులు ఆ పని ముందే చేశారని తర్వాత చదివి పొంగిపోయాను. 2000ల తొలి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఒక భూగర్భజల పథకం నడిచింది. బోర్లలో నీటిమట్టం, పడిన వాన ఆడామగా రైతులే కొలిచి ఊళ్లో అందరికీ కనబడేలా రాసిపెట్టారు. రబీకి ముందు కూర్చుని, భూమిలోకి దిగిన నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసిందెంత అని లెక్కగట్టేవారు. లోటు తేలినా ఫలానా పంట మానెయ్యమని ఎవరూ శాసించలేదు. ఎవరి పొలం వారి ఇష్టం. అయినా చాలామంది వరి తగ్గించి, తక్కువ నీళ్లతో పండేవి వేసుకున్నారు.

ఆ అంకెలు ప్రతి పల్లెలో మళ్లీ కనబడాలి. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి, బడి గోడ మీద, పిల్లలు కూడా చదివేటంత పెద్ద అక్షరాల్లో.