విలంబ వివేకం

నిరీక్షణ కూడా ఒక కార్యమే. దానిని ఎవరికి అప్పగించాలన్నది కర్త నిర్ణయించవలసిన విషయం. హైదరాబాదులో మొబైల్ యాప్‌లు రచించే ఒక యువకునికి ఈ సత్యం తండ్రి ఔషధం విషయంలో బోధపడింది.

తండ్రి రాజమహేంద్రవరంలో ఒంటరిగా నివసిస్తారు. రాత్రి 9 గంటలకు రక్తపోటు మాత్ర వేసుకోవడం తరచు మరచిపోయేవారు. ఆయన ఆండ్రాయిడ్ ఫోను కోసం కుమారుడు ఒక చిన్న యాప్ నిర్మించాడు. మాత్ర వేసుకున్నట్లు మీట నొక్కితే, ఒక సందేశం 3 సెకన్లు కనిపించి అదృశ్యం కావాలి. అందుకై అతడు ప్రధాన థ్రెడ్‌ను 3 సెకన్లు నిద్రపుచ్చే ఆజ్ఞ వ్రాశాడు.

తెరను చిత్రించేదీ, వేలి స్పర్శను గ్రహించేదీ ఆ ఒక్క థ్రెడ్డే. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక్కొక్క చిత్రానికి దానికి లభించే వ్యవధి సుమారు 16 మిల్లీసెకన్లు. అది నిద్రిస్తే సందేశమూ కనిపించదు. తెర కదలక తండ్రి మళ్లీ మళ్లీ నొక్కారు. ప్రతి స్పర్శకూ మరో 3 సెకన్ల నిద్ర జతపడింది. స్పర్శకు 5 సెకన్లపాటు సమాధానం లేకపోవడంతో, యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడ్ ప్రకటించింది.

కుమారుడు ఆ ఆజ్ఞను తొలగించి, కోట్లిన్ భాషలోని కొరూటీన్‌ను ఆశ్రయించాడు. అందులోని డిలే ఆ ఒక్క పనినే నిలిపి, థ్రెడ్‌ను ఇతర కార్యాలకు స్వేచ్ఛగా విడుస్తుంది. గడువు తీరగానే పని ఆగిన చోటనుండే కొనసాగుతుంది.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. రాత్రి జ్ఞాపికను అతడు వర్క్‌మేనేజర్‌కు అప్పగించాడు. ఒక రాత్రి అది 11 దాటాక గాని మోగలేదు. మరునాడు తండ్రి అన్నారు: "తొమ్మిదింటికి అదే మోగుతుంది కదా అని కూర్చున్నానురా. అది మోగలేదు, నాకూ గుర్తు రాలేదు."

యాప్ లేనప్పుడు ఆయన తన జ్ఞాపకాన్ని కొంతైనా నమ్ముకునేవారు. ఇప్పుడు ఆ భారమంతా కుమారుని యాప్‌పై ఉంచారు. ఈ మాట అతనిని కలచివేసింది.

ఇందులో వ్యవస్థ దోషం లేదు. తెర ఆరి, చార్జింగ్ లేక, కదలక పడి ఉన్న ఫోను బ్యాటరీని రక్షించుకోవడానికి నేపథ్య కార్యాలను వాయిదా వేస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన ఈ ఏర్పాటు పేరు డోజ్. ఛాయాచిత్రాలను భద్రపరచడం వంటి పనులు ఈ విలంబాన్ని సహిస్తాయి. వర్క్‌మేనేజర్ ఉద్దేశం అటువంటివాటి కోసమే. ఔషధ సమయం సహించదు. దానికి డోజ్‌లోనూ మోగగల నియతకాల అలారం కావాలి. ఆండ్రాయిడ్ 12 నుండి దానికి ప్రత్యేకానుమతి అవసరం. ఫోను ఆపి తిరిగి వెలిగిస్తే అలారాలు తొలగిపోతాయి గనుక, వాటిని యాప్ మళ్లీ నెలకొల్పుకోవాలి.

ఏ కార్యం ఆగగలదో, ఏది ఆగలేదో యంత్రానికి స్వయంగా తెలియదు. ఆ వివేకం కర్తదే.

యాప్ సరియైనది. అయినా కుమారుడు ప్రతి రాత్రీ 9 గంటలకు తండ్రికి స్వయంగా ఫోను చేస్తున్నాడు.